ఓటేస్తే రష్యాలో కలిసిపోతారా? దక్షిణ ఒసేటియా రెఫరెండం వెనుక అసలు లెక్క ఇదీ..

ఎన్నికల్లో ఓడిపోయిన అధ్యక్షుడు మామూలుగా ఏం చేస్తారు? సామాన్లు సర్దుకుంటారు. కానీ 2022 మే నెలలో దక్షిణ ఒసేటియాలో సీన్ వేరేలా నడిచింది. మే 8న జరిగిన రెండో రౌండ్ పోలింగ్‌లో అనతోలీ బిబిలోవ్ ఓడిపోయారు. ఐదు రోజులు తిరక్కుండానే, అంటే మే 13న ఆయన ఒక ఉత్తర్వుపై సంతకం పెట్టారు. జూలై 17న రెఫరెండం. రష్యాలో కలవాలా, వద్దా? జనమే తేల్చాలి. ఇదీ ఆ ఉత్తర్వు సారాంశం.

మే 24న కొత్త అధ్యక్షుడు అలన్ గగ్లోయెవ్ పగ్గాలు చేపట్టారు. మే 30న ఆ ఉత్తర్వును పక్కన పెట్టేశారు. మాస్కోతో మాట్లాడకుండా ఇలాంటి ఓటింగ్ పెట్టడం కుదరదన్నారు. రష్యా ప్రయోజనాలకు సంబంధించిన విషయంలో ఏకపక్షంగా ఎలా వెళ్తామన్నది ఆయన వాదన. దాంతో జూలై 17 మామూలు ఆదివారంలాగే గడిచిపోయింది.

అయితే ఆ ప్రశ్న మాత్రం పోలేదు. గగ్లోయెవ్ గెలిచింది ఐదేళ్ల పదవికి. ఆ లెక్కన 2027లో మళ్లీ ఎన్నికలు. అక్కడ ఎన్నికలంటే చాలు, ఈ విలీనం మాట బయటకు వస్తుంది. 2015లోనూ వచ్చింది, 2017 ఎన్నికల ముందూ వచ్చింది, 2022లోనూ వచ్చింది. మరి అక్కడి జనం నిజంగా ఓటేసి రష్యాలో కలిసిపోవాలా? కలిస్తే ఎవరికి లాభం, ఎవరికి నష్టం?

అసలు ఈ దక్షిణ ఒసేటియా ఎక్కడుంది?

కాకసస్ పర్వతాల దక్షిణ వాలులో ఉంటుంది. అంతర్జాతీయంగా చూస్తే జార్జియాలో భాగం. విస్తీర్ణం సుమారు 3,900 చదరపు కిలోమీటర్లు. మన దగ్గర ఒక చిన్న జిల్లా అంత. జనాభా మాత్రం 2015 లెక్కల ప్రకారం 53,532. అంటే ఏపీ, తెలంగాణల్లో ఓ మోస్తరు మున్సిపాలిటీలో ఉండేంత మంది. రాజధాని స్కిన్వాలి. అక్కడి నుంచి స్టాలిన్ పుట్టిన గోరీ పట్టణం 30 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. కానీ ఆ రోడ్డు మీద ఇప్పుడు రాకపోకలు లేవు.

కొండలకు అవతల రష్యాలో ఉత్తర ఒసేటియా ఉంది. రాజధాని వ్లాదికావ్‌కాజ్, జనాభా సుమారు 7 లక్షలు. ఇటూ అటూ ఉన్నది ఒకే జాతి, ఒకే భాష. ఒసేటియన్ అనేది ఇరానియన్ కుటుంబానికి చెందిన భాష. చుట్టుపక్కల ఉన్న జార్జియన్‌తో గానీ, రష్యన్‌తో గానీ దానికి దగ్గరి చుట్టరికం లేదు. ఈ రెండింటినీ కలిపేది ఒక్కటే దారి, రోకీ సొరంగం. సుమారు మూడున్నర కిలోమీటర్లు ఉంటుంది. 1980లలో కట్టారు. సరుకు వచ్చినా, సైన్యం వచ్చినా, బంధువులు వచ్చినా అందులోంచే రావాలి. చలికాలంలో మంచు చరియలు పడితే ఆ దారీ మూసుకుపోతుంది.

సోవియట్ కాలంలో ఇది జార్జియాలో స్వయంప్రతిపత్తి ఉన్న ప్రాంతం. 1922లో ఆ హోదా ఇచ్చారు. అప్పట్లో కొండకు అటున్నా ఇటున్నా ఒకే దేశం కాబట్టి ఎవరికీ పెద్ద తేడా తెలియలేదు. సోవియట్ బీటలు వారడం మొదలయ్యాక కథ మారింది. 1990 డిసెంబరులో జార్జియా ఆ స్వయంప్రతిపత్తిని రద్దు చేసింది. ఆ తర్వాత వచ్చింది 1991-92 యుద్ధం. చుట్టాలుగా, ఇరుగుపొరుగుగా బతికిన ఒసేటియన్లు, జార్జియన్లు ఒకరి ఊళ్లు ఒకరు తగలబెట్టుకునే దాకా పోయింది.

ఇప్పటికే ఎన్నిసార్లు ఓటేశారో తెలుసా?

ఇక్కడే చాలామందికి తెలియని పాయింట్ ఉంది. రష్యాలో కలుస్తామని దక్షిణ ఒసేటియా ఎప్పుడో ఓటేసేసింది. 1992 జనవరి 19న జరిగిన రెఫరెండంలో రెండు ప్రశ్నలు పెట్టారు. ఒకటి స్వాతంత్ర్యం, రెండోది రష్యాతో కలయిక. ఓటేసినవాళ్లలో దాదాపు అందరూ రెండింటికీ అవునన్నారు. అక్కడి జార్జియన్లు మాత్రం ఆ ఓటింగ్‌కు దూరంగా ఉన్నారు.

మరి రష్యా ఏం చేసింది? ఏమీ చేయలేదు. అప్పటికి ఆ దేశం కొత్తగా ఏర్పడి నెల కూడా కాలేదు. పైగా తన ఇంట్లోనే చెచెన్యా విడిపోతానంటోంది. పక్క దేశంలో విడిపోయినవాళ్లను కలుపుకుంటే, రేపు తన దగ్గర విడిపోయేవాళ్లకు ఏం చెప్పాలి? యెల్త్సిన్ ప్రభుత్వం శాంతి పరిరక్షక దళాలను పంపి ఊరుకుంది.

2006 నవంబరు 12న మళ్లీ ఓటింగ్ జరిగింది. ఈసారి ప్రశ్న స్వాతంత్ర్యం వరకే. 99 శాతం మంది అవునన్నారని ప్రకటించారు. అయితే అదే రోజు అదే ప్రాంతంలో, జార్జియా ప్రభుత్వం చేతిలో ఉన్న ఊళ్లలో ఇంకో పోలింగ్ సమాంతరంగా నడిచింది. అక్కడ ద్మిత్రీ సనకోయెవ్ అనే నాయకుడు గెలిచారు. ఆయనా ఒసేటియనే. కాకపోతే జార్జియాతో మాట్లాడి సర్దుకుపోదాం అనే వర్గం. ఒకే రోజు, ఒకే నేల, రెండు బ్యాలెట్ పెట్టెలు, రెండు వేర్వేరు 'ప్రజా తీర్పులు'. ఏ పెట్టె ఎవరి ఊళ్లో పెట్టారన్న దాన్ని బట్టే ఫలితం వచ్చింది. ఇలాంటి చోట్ల 99 శాతం అని వినగానే ఆ మిగతా జనం ఎక్కడున్నారని అడగాల్సి వస్తుంది.

ఆ మిగతా జనం ఏమయ్యారు?

1989 లెక్కల్లో దక్షిణ ఒసేటియా జనాభా 98,527. అందులో ఒసేటియన్లు 66 శాతం, జార్జియన్లు 29 శాతం. 2015 నాటికి జనాభా దాదాపు సగానికి పడిపోయింది. ఒసేటియన్లు 90 శాతానికి చేరారు. జార్జియన్లు నాలుగు వేల లోపే మిగిలారు.

మధ్యలో జరిగింది 2008 ఆగస్టు యుద్ధం. ఆగస్టు 7 అర్ధరాత్రి వేళ జార్జియా సైన్యం స్కిన్వాలిపై ఫిరంగులతో విరుచుకుపడింది. రష్యా సైన్యం రోకీ సొరంగం గుండా దిగింది. ఐదు రోజుల్లో జార్జియా సైన్యం చేతులెత్తేసింది. యూరోపియన్ యూనియన్ కోసం స్విట్జర్లాండ్ దౌత్యవేత్త హైదీ తగ్లియావిని ఆధ్వర్యంలో తయారైన నివేదిక 2009లో వచ్చింది. యుద్ధం మొదలైంది జార్జియా దాడితోనే అని అందులో తేల్చారు. అదే సమయంలో రష్యా ఏళ్ల తరబడి రెచ్చగొట్టిందని, ఎదురుదాడిలో హద్దు మీరిందని, జార్జియన్ల ఊళ్లను ఖాళీ చేయించారని కూడా రాశారు. అంటే ఏ ఒక్కరూ ఆ నివేదికను పూర్తిగా తమకు అనుకూలంగా చదువుకోలేరు. 2021 జనవరిలో యూరప్ మానవ హక్కుల కోర్టు కూడా తీర్పు ఇచ్చింది. ఆగస్టు 12 తర్వాత ఆ ప్రాంతం రష్యా అదుపులోనే ఉందని, అక్కడ జరిగిన ఉల్లంఘనలకు, వెళ్లిపోయినవాళ్లను తిరిగి రానివ్వకపోవడానికి రష్యాదే బాధ్యత అని చెప్పింది.

అలా ఊళ్లు వదిలినవాళ్లలో చాలామంది ఇప్పుడు జార్జియాలో ప్రభుత్వం కట్టిన కాలనీల్లో ఉంటున్నారు. త్బిలిసి హైవే పక్కన త్సెరొవానీ అనే కాలనీ ఉంది. వరసగా ఒకేలాంటి చిన్న చిన్న ఇళ్లు. రెఫరెండం పెడితే వీళ్ల పేర్లు ఏ ఓటర్ల జాబితాలోనూ ఉండవు. పుట్టిన ఊరు ఏ దేశంలో ఉండాలో తేల్చే ఓటు వీళ్లకు లేదు. విలీనం గురించి స్కిన్వాలిలో జరిగే చర్చలో వీళ్ల ప్రస్తావనే రాదు.

కలవాలనే వాళ్ల వాదనేంటి?

అలాగని విలీనం కోరేవాళ్లంతా మాస్కో ఆడించే బొమ్మలే అనుకుంటే పొరపాటే. వాళ్ల వాదనలో బలం ఉంది.

మొదటిది భయం. 1991లో, 2008లో ఫిరంగి గుళ్లు పడ్డది వాళ్ల ఇళ్ల మీదే. సెల్లార్లలో దాక్కున్న తరం ఇంకా బతికే ఉంది. 'జార్జియాలో స్వయంప్రతిపత్తి ఇస్తాం' అని ఎవరైనా అంటే, 1990లో తీసేసింది మీరే కదా అని వాళ్లు ఎదురడుగుతారు. దానికి త్బిలిసి దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. 2024 సెప్టెంబరులో గోరీలో జరిగిన సభలో జార్జియా అధికార పార్టీ వ్యవస్థాపకుడు బిద్జీనా ఇవానిష్విలి ఒసేటియన్లకు క్షమాపణ చెప్పాలన్నట్టు మాట్లాడారు. దానిపై జార్జియాలో పెద్ద దుమారమే రేగింది. పదహారేళ్ల తర్వాత కూడా ఒక సారీ చెప్పడం అంత కష్టమైంది మరి.

రెండోది కుటుంబం. అన్న కొండకు అటు, తమ్ముడు ఇటు. అటువైపు యూనివర్సిటీ, పెద్దాసుపత్రి, ఉద్యోగం. ఇటువైపు యాపిల్ తోటలు, సైనిక స్థావరం, ప్రభుత్వ జీతం. మూడోది డబ్బు. స్థానిక బడ్జెట్‌లో అత్యధిక భాగం రష్యా నుంచే వస్తుంది. చెలామణిలో ఉన్నది రూబుల్. జనంలో ఎక్కువ మంది దగ్గర రష్యా పాస్‌పోర్టే ఉంది. ప్రపంచంలో ఎక్కడా చెల్లని దక్షిణ ఒసేటియా పాస్‌పోర్టు పట్టుకుని ఎవరు మాత్రం ఎక్కడికెళ్తారు? రష్యా 2008 ఆగస్టు 26న గుర్తించింది. ఆ తర్వాత నికరాగువా, వెనెజువెలా, నౌరు, 2018లో సిరియా గుర్తించాయి. తువాలు కూడా గుర్తించింది గానీ 2014లో వెనక్కి తీసుకుంది. లిస్టు అంతే. ఇక్కడికే రష్యా మీద ఆధారపడి బతుకుతున్నాం, ఇంక పేరుకు స్వతంత్రం ఎందుకు అన్నది వాళ్ల ప్రశ్న.

మరి తిరకాసు ఎక్కడుంది?

తిరకాసంతా ఈ వాదనలోనే ఉంది. రష్యా సైన్యం ఇప్పటికే అక్కడుంది. పాస్‌పోర్టు ఉంది, పెన్షన్ ఉంది. 2015 మార్చి 18న కుదిరిన ఒప్పందంతో సరిహద్దు, కస్టమ్స్, పోలీసు వ్యవస్థలను కలిపే పని మొదలైంది. 2017లో స్థానిక సైన్యంలో కొంత భాగాన్ని రష్యా సైన్యంలో చేర్చుకునే ఒప్పందమూ జరిగింది. అంటే విలీనంతో వచ్చేవాటిలో చాలా వరకు విలీనం కాకుండానే వచ్చేశాయి. ఇంక ఓటేసి కొత్తగా తెచ్చుకునేది ఏంటి?

పోయేవి మాత్రం స్పష్టంగా కనిపిస్తున్నాయి. మొదట పోయేది సొంత ఎన్నికల్లో ఉన్న ఆ కాస్త పస. ఇది చిన్న విషయం కాదు. 2022లో బిబిలోవ్ ఓడిపోవడానికి కారణాల్లో ఒకటి 2020 నాటి ఘటన. పోలీసు కస్టడీలో ఒక యువకుడు చనిపోయాడు. జనం రోజుల తరబడి స్కిన్వాలి చౌరస్తాలో కూర్చున్నారు. ప్రభుత్వం రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ కోపం రెండేళ్ల తర్వాత బ్యాలెట్ పెట్టెలోకి వెళ్లింది. మాస్కో పెద్దల అండ బిబిలోవ్‌కే ఉన్నట్టు కనిపించినా జనం అవతలి వ్యక్తిని గెలిపించారు. పదవిలో ఉన్న అధ్యక్షుడు ఓడి దిగిపోవడం ఆ చుట్టుపక్కల ఎంత అరుదో తెలిసినవాళ్లకు దీని విలువ అర్థమవుతుంది. రష్యాలో ఒక భాగమైతే గవర్నర్ పదవికి ఎవరు నిలబడాలో కూడా క్రెమ్లిన్‌లోనే తేలుతుంది. ఉత్తర ఒసేటియాలో అయితే ప్రజలు నేరుగా అధినేతను ఎన్నుకోవడమే లేదు, అక్కడి పార్లమెంటు ఎన్నుకుంటుంది.

తర్వాత భాష. 2018లో రష్యా చట్టం మార్చింది. స్థానిక భాషలు బడుల్లో తప్పనిసరి కాదు, ఇష్టమైతే చదువుకోవచ్చు. వ్లాదికావ్‌కాజ్ వీధుల్లో ఎక్కువగా వినిపించేది రష్యనే. ఒసేటియన్ గుర్తింపు కోసమే కలుస్తాం అనేవాళ్లు ఆలోచించాల్సిన విషయం ఇది. పోనీ రెండు ఒసేటియాలూ కలిపి ఒకటే చేస్తారా, లేక దక్షిణాన్ని విడిగా ఉంచుతారా? ఒకటి చేస్తే స్కిన్వాలి రాజధాని కాదు, ఒక జిల్లా కేంద్రం. అధ్యక్షుడి భవనం, మంత్రిత్వ శాఖలు, పార్లమెంటు సీట్లు అన్నీ గల్లంతు. యాభై వేల మంది ఉన్న చోట ప్రభుత్వ కొలువులే పెద్ద ఉపాధి. విలీనం కావాలని మైకుల్లో గట్టిగా చెప్పే నాయకుల్లో ఎంతమంది సొంత కుర్చీ వదులుకోవడానికి సిద్ధమో మరి.

ఇంకోటి యుద్ధం. 2022 మార్చిలో ఇక్కడి నుంచి ఉక్రెయిన్ యుద్ధానికి పంపిన సైనికుల్లో వందల మంది అక్కడి పరిస్థితి చూసి సొంతంగా తిరిగొచ్చేశారని వార్తలొచ్చాయి. అప్పట్లో బిబిలోవ్‌కు అది పెద్ద తలనొప్పి అయింది. పూర్తిగా రష్యాలో భాగమైతే సైనిక భర్తీ చట్టాలు మినహాయింపు లేకుండా వర్తిస్తాయి. అలా తిరిగొచ్చే వీలు ఉండదు.

ఇంతకీ నిర్ణయం ఎవరిది?

బిబిలోవ్ 2022 మార్చిలో విలీనం మాట ఎత్తగానే క్రెమ్లిన్ ప్రతినిధి పెస్కోవ్ స్పందించారు. తమ వైపు నుంచి చట్టపరంగా ఏ చర్యా తీసుకోలేదన్నారు. ప్రజల అభిప్రాయాన్ని గౌరవిస్తామని కూడా అన్నారు. కాస్త గమనిస్తే అర్థమైపోతుంది, అది 'ఇప్పుడు కాదు' అని మర్యాదగా చెప్పడం.

ఎందుకంటే మాస్కోకు ఈ ప్రాంతం విలీనం కాకుండా ఉంటేనే ఎక్కువ ఉపయోగం. తేలని వివాదం ఉన్నంతకాలం జార్జియాకు నాటోలో చోటు దొరకడం కష్టం. 2008 ఏప్రిల్‌లో బుఖారెస్ట్ సదస్సులో నాటో ఇచ్చిన హామీ ఇప్పటికీ కాగితం మీదే ఉంది. జార్జియాను దారికి తెచ్చుకోవాలన్నా, ఆశ పెట్టాలన్నా ఈ పీటముడి పనికొస్తుంది. 2023 మేలో జార్జియాతో నేరుగా విమానాలను రష్యా మళ్లీ మొదలుపెట్టింది, వీసా నిబంధన ఎత్తేసింది. త్బిలిసితో సంబంధాలు ఇలా మెత్తబడుతున్నప్పుడు యాభై వేల మంది కోసం అంతా చెడగొట్టుకుంటుందా? 2023 ఆగస్టులో మెద్వెదెవ్ అబ్ఖాజియా, దక్షిణ ఒసేటియాలను కలుపుకునే ఆలోచన రష్యాలో ఉందని రాశారు. అది కూడా నాటో మాట ఎత్తితే అన్న హెచ్చరికలా వచ్చిందే తప్ప, తేదీ పెట్టలేదు. ట్రాన్స్‌నిస్ట్రియా కూడా 2006లో రష్యాలో కలుస్తామని భారీగా ఓటేసింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

క్రిమియాలో అలా జరగలేదు. 2014 మార్చి 16న ఓటింగ్, 18న ఒప్పందం. 2022 సెప్టెంబరు చివర్లో డొనెట్స్క్, లుహాన్స్క్, జపోరిజియా, ఖేర్సన్‌లలోనూ వారం రోజుల్లో అంతా అయిపోయింది. అన్ని చోట్లా సైన్యం ముందు వచ్చింది, బ్యాలెట్ తర్వాత వచ్చింది. మాస్కో కావాలనుకున్న చోట ఓటు రెండు రోజుల పని. వద్దనుకున్న చోట ముప్పై ఏళ్లయినా ఓటుకు విలువ లేదు. 2022 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 143 దేశాలు ఆ విలీనాలను తప్పుబట్టాయి. భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. 2014లో క్రిమియాపై తీర్మానం వచ్చినప్పుడూ దూరంగానే ఉంది.

మన దగ్గరా ఇలాంటి ఓట్లు జరిగాయి. 1948 ఫిబ్రవరిలో జునాగఢ్‌లో మొత్తం 1,90,870 ఓట్లు పోలైతే పాకిస్థాన్‌కు పడ్డవి 91. 1975 ఏప్రిల్‌లో సిక్కింలో 59,637 మంది విలీనానికి ఓటేశారు, 1,496 మంది వద్దన్నారు. రెండు చోట్లా ఓటు కంటే ముందే పరిస్థితి చేతుల్లోకి వచ్చేసింది, ఆ విషయంలో విమర్శలూ ఉన్నాయి. దక్షిణ ఒసేటియాతో తేడా ఏంటంటే, ఢిల్లీ అప్పుడు వాళ్లను తీసుకోవడానికి సిద్ధంగా ఉంది. ఇక్కడ మాస్కో సిద్ధంగా లేదు.

అబ్ఖాజియా ఏమంటోంది?

పక్కనే ఇలాంటి పరిస్థితిలోనే ఉన్న అబ్ఖాజియా మాత్రం రష్యాలో కలిసే ఉద్దేశం లేదని 2022లోనే తేల్చి చెప్పింది. 2024 నవంబరులో రష్యా పెట్టుబడిదారులకు వీలు కల్పించే ఒప్పందంపై జనం పార్లమెంటులోకి దూసుకెళ్లారు. అధ్యక్షుడు అస్లాన్ బ్జానియా రాజీనామా చేశారు. రష్యా సైన్యం కావాలి, రష్యా టూరిస్టులు కావాలి, కానీ సముద్ర తీరంలో భూములు మాత్రం ఇవ్వం అన్నది వాళ్ల లైన్. వాళ్లకు సముద్రం ఉంది, తోటలు ఉన్నాయి, బేరమాడటానికి ఏదో ఒకటి ఉంది. దక్షిణ ఒసేటియా చేతిలో ఉన్న బేరం ఒక్కటే, ఇంకా కలవకపోవడం. అది కూడా ఓటు రూపంలో రాసిచ్చేస్తే రేపు ఏం అడగాలన్నా చేతిలో ఏమీ మిగలదు.

రెఫరెండం పెట్టి, జనం అవునని, మాస్కో మళ్లీ మౌనంగా ఉంటే? 1992 నాటి అనుభవమే మళ్లీ. కాకపోతే ఈసారి జార్జియాతో మాట్లాడుకునే తలుపు కూడా మూసుకుంటుంది. త్సెరొవానీ కాలనీ వాళ్ల ఊళ్లు మ్యాప్‌లో ఇంకో దేశంలోకి వెళ్లిపోతాయి. పోనీ మాస్కో ఒప్పుకుంటే, తర్వాత ఎప్పుడైనా మనసు మారితే వెనక్కి రావడానికి ఓటు పెట్టే అవకాశం ఉండదు. రష్యా చట్టాల్లో విడిపోవాలని పిలుపునివ్వడమే నేరం.

ప్రస్తుతానికి సరిహద్దు దగ్గర పరిస్థితి ఎలా ఉందంటే, ఖుర్వలేతి లాంటి ఊళ్లలో పొలాల మధ్యలోంచి ముళ్లకంచె వెళ్తోంది. కంచె దాటితే అరెస్టు. గడ్డి కోసం, తప్పిపోయిన ఆవు కోసం వెళ్లినవాళ్లు కూడా స్కిన్వాలి లాకప్‌లో తేలుతుంటారు. అటు ఒసేటియన్ రైతు తన పంట అమ్ముకోవడానికి 30 కిలోమీటర్ల దూరంలోని గోరీకి వెళ్లలేడు, సొరంగం దాటి వ్లాదికావ్‌కాజ్‌కు మోసుకెళ్లాలి. ఈ రైతులకు కావాల్సింది ఒక చెక్‌పోస్టు తెరుచుకోవడం. రెఫరెండం బ్యాలెట్ మీద ఆ ప్రశ్న మాత్రం ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు.